కోటేశ్వరరావు గారి గడువు తేదీ

నిక్షేపంగా ఇడ్లీ తింటున్న ఒక పెద్దమనిషిని నేను విజయవాడ నడిబొడ్డున చంపేశాను. కత్తి వాడలేదు, విషం వాడలేదు. ఒక ఫ్లెక్సీ చాలింది. పోయినాయన సాక్షాత్తూ నాకు ఉద్యోగమిచ్చిన యజమాని. పైగా ఆ పని నేను తొందరపాటులో చేసింది కాదు. అంశాలవారీగా, పద్ధతి ప్రకారం, మహాశ్రద్ధగా చేశాను. శ్రద్ధ కాస్త తగ్గి ఉంటే ఆయన ఆ పూట బతికే ఉండేవాడు.

ముందు నా గురించి చెప్పాలి. నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను. ఏ విషయాన్నయినా అంశాలుగా విడగొట్టి, వాటికి అంకెలు వేస్తే తప్ప నాకు అర్థం కాదు. మా అమ్మ ఫోన్ చేసి "అన్నం తిన్నావా" అని అడిగితే "ఒకటి, తిన్నాను. రెండు, కూర బాగాలేదు" అని చెప్పే రకం. అమ్మ ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం మానేసింది.

మా యజమాని కోటేశ్వరరావు గారిది కూచిపూడి దగ్గర వరి, మినుములు పండించిన కుటుంబం. ఆయన భార్య సుశీలమ్మ గారి చేతి కందిపొడి చుట్టాల నోళ్ళలో పడి, తరవాత ఊరి నోళ్ళలో పడి, చివరికి కంపెనీ అయింది. కానూరు వైపు ఒక షెడ్డు, అందులో పొడులు ఆడే మరలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపు. నేను చేరిన ఏడాదే టోక్యోలోని భారతీయ హోటళ్ళకు కూడా మా పొడులు పంపించే బేరం కుదిరింది. అక్కడ సరుకు కొనే కంపెనీలో నాణ్యత చూసే ఆవిడ పేరు సాతో గారు. వారానికోసారి వీడియో కాల్‌లో కనిపించి, చాలా మర్యాదగా నా ప్రాణం తీసేది. కందిపొడిలో వేరుశనగ ఆనవాలు కూడా ఉండకూడదని, ప్రతి విడత సరుకునూ ల్యాబులో పరీక్ష చేయించాలని ఆవిడ షరతు.

ఆ పరీక్ష రిపోర్టు రావడానికి ముందు రోజు నేను షాపులో ఉన్నాను. ఒకావిడ ఐదేళ్ళ పాపను చెయ్యి పట్టుకుని వచ్చింది. కందిపొడి పొట్లం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో వేరుశనగ ఉంటుందా అండీ?"

"లేదండీ."

"కొంచెం కూడా?"

"సున్నా అండీ."

"ఏమనుకోకండి, అందర్నీ ఇలాగే విసిగిస్తుంటాను. మా పాపకు పడదు. పోయినేడు పెళ్ళిలో ఎవరో ముద్దొచ్చిందని చిక్కీ ముక్క చేతిలో పెట్టారు. గొంతు వాచిపోయి ఊపిరాడలేదు. ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాం."

"విసుగేం లేదండీ. నేను చదువుకుందే ఇది. ధైర్యంగా పెట్టండి."

ఆవిడ ముఖం తేటపడింది. "గుణదల నుంచి వచ్చామండీ. దీనికి కందిపొడి, నెయ్యి ఉంటే చాలు, ఇంకో కూర అడగదు" అంటూ రెండు పొట్లాలు తీసుకుని వెళ్ళిపోయింది. పాప వెళ్తూ వెళ్తూ ఒక పొట్లాన్ని బొమ్మలాగా చంకలో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. కందిపొడిలో వేరుశనగ ఉంది. ఆనవాలు కాదు, బాగానే ఉంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వేరుశనగ పొడి ఆడిన మరను కడగకుండా అందులోనే కందిపొడి ఆడేశారు. నేను రిపోర్టు పట్టుకుని కోటేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన మజ్జిగ తాగుతున్నారు.

"ఎంత చేటయ్యా ఇది?"

"ఒకటి, మామూలు వాళ్ళకు ఏమీ కాదు సార్. రెండు, పడనివాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ఎక్కడెక్కడికి పోయింది?"

"టోక్యో సరుకు ఇంకా మన షెడ్డులోనే ఉంది. ఊళ్ళో షాపులకు వెళ్ళింది. పాపకు పడదని చెప్పి మరీ అడిగిన ఒకావిడకు మాత్రం నిన్న నేనే నా చేత్తో ఇచ్చాను."

"పేరేంటి?"

"తెలీదు సార్."

"ఫోను నంబరు?"

"తీసుకోలేదు."

"మరేం తెలుసయ్యా నీకు?"

"గుణదల. పాప. నెయ్యి."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ అమ్మాయి దొరికేదాకా మనకి వేరే పనేం లేదు. షాపులన్నిటికీ చెప్పు. ఏం చేస్తావో నీ ఇష్టం, ఆ పిల్ల నోట్లోకి ఆ పొడి పోకూడదు" అన్నారు.

నాకు కావలసింది ఆ మాటే. వెంటనే షాపులన్నిటికీ వాట్సాప్‌లో సందేశం పంపాను. "గమనిక. ఈ విడత కందిపొడిలో వేరుశనగ అవశేషాలు గుర్తించబడినవి. సున్నితత్వము గల వినియోగదారులు తగు జాగ్రత్త వహించవలెను." ఇంత స్పష్టంగా చెప్పాక అర్థం కానివాళ్ళు ఉండరనుకున్నాను. సాయంత్రం గుణదలలో మా సరుకు అమ్మే పెద్ద షాపుకు వెళ్ళాను. పొట్లాలన్నీ లోపల దాచేసి ఉంటారని ఊహించాను. అవి షాపు ముందుకే వచ్చి, గోపురంలా పేర్చి ఉన్నాయి. పైన అట్టముక్క మీద "వేరుశనగ కలిపిన స్పెషల్ కందిపొడి" అని రాసి ఉంది.

"ఏంటండీ ఇది?" అన్నాను షాపు వెంకటేశ్వర్లు గారితో.

"మీరేగా మెసేజి పెట్టింది. అడక్కుండానే వేరుశనగ కూడా వేశారంటే మంచిదేగా అండీ. ఇందాకటికే సగం అయిపోయినాయి."

"అది ప్రమాదమండీ."

"వేరుశనగా?" ఆయన నవ్వారు. "మా తాత రోజూ గుప్పెడు తిని తొంభై ఏళ్ళు బతికాడు."

"కొందరి ఒంటికి పడదండీ."

"పడకపోతే అరగదు, అంతేగా. కాస్త వాము నమలమనండి."

"అది కాదండీ. గుణదలలో చిన్న పాప ఉన్న ఒకావిడ, నిన్న మా షాపుకు వచ్చారు..."

"చిన్న పాప ఉన్న ఆవిడంటే సగం గుణదల అదేగా అండీ."

పొట్లాలన్నీ నేనే బస్తాలోకి ఎత్తుకుని వచ్చాను. అమ్ముడైనవి మాత్రం అమ్ముడైపోయాయి. వేరుశనగ కలిసిందంటే ఉగాది కానుక అన్నట్టు చూసే ఊళ్ళో, అది ఒక పిల్లకు విషమని నమ్మించడమెలా అన్నది నా సమస్య. నిజానికి సమస్య వేరే ఉంది. షాపాయనకు నేను వేరుశనగ గురించి ఉపన్యాసం ఇచ్చాను గాని, పెళ్ళిలో చిక్కీ ముక్క గురించి చెప్పలేదు. అది సమాచారం కాదు, కథ అనుకున్నాను.

ఆ సాయంత్రమే సాతో గారితో మాట్లాడాను. ఆవిడ అంతా విని, చాలాసేపు తల వంచి, తరవాత తమ దేశంలో ఇలాంటప్పుడు ఏం చేస్తారో చూపించింది. తెల్లటి బోర్డు. నల్లటి అక్షరాలు. అలంకారం ఏమీ ఉండదు. కంపెనీ పెద్ద స్వయంగా తల వంచి నిలబడతాడు. ముందు విచారం, తరవాత వివరాలు. రంగులుంటే ప్రకటన అనుకుంటారు, రంగుల్లేకపోతేనే జనం ఆగి చదువుతారు అంది. నాకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఎంత నిండుదనం, ఎంత క్రమం. ఫోన్ పెట్టబోతూ ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ ఊళ్ళో కూడా ఇలాగే చేస్తారా?"

"మంచి పద్ధతికి ఊరేముంది సాతో గారూ" అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో గెలిచిన పద్ధతి పట్టుకుని ఇంట్లో గెలవడానికి బయల్దేరాను నేను.

ముందు ఫొటో కావాలి. కోటేశ్వరరావు గారు ఒక స్కూలు వార్షికోత్సవంలో చేతులు జోడించి, తల కాస్త వంచి, కళ్ళు దించి నిలబడిన ఫొటో ఒకటి దొరికింది. మెడలో దండను, భుజం మీద శాలువాను కంప్యూటర్లో తీసేశాను. రంగులు తీసేశాను. "మీ ఫొటో వాడుకుంటాను సార్" అని ఫోన్‌లో అడిగితే "వాడుకోవయ్యా, దానికేం" అన్నారు. ఆ ఫొటోతో ఆయన్ని ఏం చేయబోతున్నానో నాకే తెలియదు, ఆయనకెలా తెలుస్తుంది.

మా ఫ్లెక్సీలన్నీ వేసేది కరీముల్లా భాయ్. ఉత్సాహవంతుడైన మనిషి. పుట్టినరోజు ఫ్లెక్సీ ఆర్డరిస్తే అందులో సింహాన్ని ఊరికే వేసి ఇస్తాడు. నేను ఫొటో తెర మీద పెట్టగానే ఆయన మాట్లాడటం ఆపేసి, పక్కన మోగుతున్న పాట కట్టేశాడు.

"ఎప్పుడు తమ్ముడూ?" అన్నాడు.

"ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది భాయ్."

"ఎలా?"

"మర దగ్గర పొరపాటు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మా కంపెనీ సమస్యను ఇంతగా తన కష్టమనుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. "మా అమ్మాయి పెళ్ళికి డబ్బాలకు డబ్బాలు పొడులు పంపించారు" అన్నాడు.

"అవును భాయ్, సార్ అలాంటి మనిషే. ఇక రంగులేమీ వద్దు. నలుపు తెలుపు. చుట్టూ సన్నటి నల్ల గీత."

"పైన ఏం రాయాలి?"

"'మా ప్రగాఢ విచారం' అని పెద్దగా. కింద ఈ వివరాలు." నేను ఏడు అంశాలున్న కాగితం ఇచ్చాను.

ఆయన దాన్ని చూసి, "ఇంత రాత ఎవరు చదువుతారు తమ్ముడూ, బండ్ల మీద పోయేవాళ్ళు" అన్నాడు.

"వివరాలు చిన్నగా వేయండి పరవాలేదు. ఫొటో కింద ఈ రెండు తేదీలు మాత్రం పెద్దగా ఉండాలి. ఏ పొట్లమో జనానికి తెలియాలిగా."

ఆయన చివరి మాట వినలేదు. తేదీలు ఎక్కించే పనిలో పడిపోయాడు. ఎడమ పక్కన తయారీ తేదీ. మధ్యలో చిన్న గీత. కుడి పక్కన గడువు తేదీ.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, ఆ ఫ్లెక్సీని మనసులో చూడవలసిందిగా మనవి. నేను ఆ పని చేయలేదు. చేయకపోగా, పూర్తయిన ఫ్లెక్సీలో మూలన ఒక చిన్న దీపం వెలుగుతూ కనిపిస్తే, "ఇదేంటి భాయ్" అన్నాను.

"మా తరఫున. ఉండనివ్వు తమ్ముడూ" అన్నాడు.

సింహం కంటే నయం కదా అనుకుని ఉండనిచ్చాను.

తెల్లారేసరికి ఒక ఫ్లెక్సీ బెంజ్ సర్కిల్ దగ్గర మా షాపు పైన, ఇంకొకటి గుణదలలో వెంకటేశ్వర్లు గారి షాపు ముందు లేచాయి. వివరాలకు అని నా ఫోన్ నంబరే ఇచ్చాను. నేను పళ్ళు తోముకుంటుండగానే ఫోన్ మోగింది.

"ఇప్పుడే బోర్డు చూశామండీ. ఎప్పుడు తీసుకెళ్తున్నారు?"

ఎంత బాధ్యతగల పౌరుడో అనుకున్నాను. "ఇవాళ సాయంత్రంలోగా అన్నీ తీసుకెళ్తామండీ. షాపుల్లో ఉన్నవీ, ఇళ్ళలో ఉన్నవీ."

ఆయన ఫోన్ పెట్టేశారు. తరవాత వచ్చిన వాళ్ళంతా నా గొంతు వినగానే "ధైర్యంగా ఉండండి బాబూ" అన్నారు. ఉన్నాను. గుణదల పాప తల్లి మాత్రం ఫోన్ చేయలేదు.

అంతలో సుశీలమ్మ గారి ఫోన్. "నాయనా, ఒకసారి ఇంటికి రా. మీ సారుకు దండలొస్తున్నాయి" అంది.

ఇక్కడే నా తెలివి పరాకాష్ఠకు చేరింది. తప్పును ఇంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఊరు ఆయన్ని సన్మానిస్తోందనుకున్నాను. సాతో గారికి చెప్పాలి అనుకుంటూ పటమటలోని వాళ్ళింటికి వెళ్ళాను. వాకిలి నిండా చెప్పులు. వరండాలో కోటేశ్వరరావు గారు ఇడ్లీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఆయన పొద్దుటి నడక స్నేహితుడు బసవయ్య గారు, చేతిలో గులాబీల దండతో, ఎర్రబడిన కళ్ళతో నిలబడి ఉన్నారు. నేను వచ్చేటప్పటికి సంభాషణ ఇలా నడుస్తోంది.

"ఎవరు పోయార్రా బసవయ్యా?"

"నువ్వే."

"నేనా? ఎప్పుడు?"

"నన్నడుగుతావేంట్రా. బెంజ్ సర్కిల్లో ఇంత ఎత్తున ఉంటేను. ఆటో దిగకుండా ఏడ్చుకుంటా వచ్చా."

"ఇడ్లీ తింటావా?"

బసవయ్య గారు దండను కుర్చీకి తగిలించి కళ్ళు తుడుచుకున్నారు. "పెట్టించు. పొద్దున్నించి ఏం తినలా."

పళ్ళెం చేతికి వచ్చాక ఆయనకు ఇంకో సందేహం వచ్చింది. "ఒరే, కానీ తేదీ తప్పేశార్రా. దాని ప్రకారం నీకింకా నాలుగు నెలలు టైముంది."

"అదన్నా నయం" అన్నారు కోటేశ్వరరావు గారు.

మనిషికి తయారీ తేదీ, గడువు తేదీ వేసిన మొట్టమొదటి కంపెనీ మాదేనని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకునేసరికి సుశీలమ్మ గారు గుమ్మంలో ఉన్నారు.

"బాబూ, ఆ బొమ్మ వేయించింది నువ్వేనా?"

"అవునండీ."

"రంగులెందుకు వద్దన్నావు?"

"ఒకటి, జపాన్‌లో..."

"జపాన్ వాళ్ళు పోతే మరి రంగుల్లో వేస్తారా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అంశాలు లేవు. ఇప్పటికీ లేవు. ఆవిడ కోపంగా కూడా లేదు. కూచిపూడి నుంచి రెండు కార్లలో బయల్దేరిన చుట్టాలకు ఫోన్ చేసి, వెనక్కి పొమ్మనాలా, వచ్చేశారు కాబట్టి భోజనానికి రమ్మనాలా అన్నది తేల్చుకోలేక తిరుగుతోంది. చివరికి బియ్యం ఎక్కువే పోయించింది.

వరండాలో అందరూ నవ్వుతున్నారు. పోయిన మనిషిని గిల్లి చూస్తున్నారు. ఆ నవ్వుల మధ్యనుంచి కోటేశ్వరరావు గారు నావైపు తిరిగారు.

"ఆ పాప తల్లి ఫోన్ చేసిందా?"

"లేదు సార్."

"ఇంతమంది వచ్చారు. బోర్డు చూసి ఒక్కరన్నా పొట్లం వెనక్కి తెచ్చారా?"

"లేదు సార్."

ఆయన పళ్ళెం పక్కన పెట్టేశారు. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు నాకు సిగ్గు కాదు, భయం వేసింది. ఊరంతటికీ ఒక వార్త చేరింది. అది అబద్ధం. చేరవలసిన నిజం మాత్రం ఆ ఫ్లెక్సీ అడుగున, ఏడు అంశాలుగా, చీమల బారులా ఎవరి కంటికీ ఆనకుండా పడి ఉంది. పొద్దు ఎక్కుతోంది. అన్నాల వేళ అవుతుంది. ఏదో ఒక ఇంట్లో ఒక పాప నెయ్యి గిన్నె ముందు కూర్చుంటుంది.

"చచ్చానంటే ఇంతమంది వచ్చారు" అన్నారాయన మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు. "చచ్చినవాడే వెళ్ళి మాట్లాడితే వినరంటావా?"

ఆయన లేచి, "మైకు ఆటో పిలవవయ్యా" అన్నారు.

"ఏం చెప్పాలో రాసిస్తాను సార్. మొదటి అంశం..."

"నీ అంశాలు ఇంట్లో పెట్టి రా. ఆ అమ్మాయి నీకేం చెప్పిందో, అది చెప్పు నాకు."

ఆటోలో పెళ్ళి, చిక్కీ ముక్క, వాచిన గొంతు, అన్నీ చెప్పాను. బసవయ్య గారు కూడా మాతో వచ్చారు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని వచ్చారు. గుణదల వీధిలోకి మలుపు తిరిగేసరికి వెంకటేశ్వర్లు గారి షాపు ముందు ఫ్లెక్సీ, దాని కింద ఎవరో ఉంచిన అగరొత్తులు కనిపించాయి. కోటేశ్వరరావు గారు ఆటో దిగి సరిగ్గా తన బొమ్మ పక్కనే నిలబడి మైకు అందుకున్నారు. వెంకటేశ్వర్లు గారి చేతిలో తూకం అలాగే ఆగిపోయింది.

"అమ్మా, అయ్యా. నేను కందిపొడి కోటేశ్వరరావుని. ఈ బోర్డు చూసి పోయాననుకున్నారంట. పోలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

కిటికీలు తెరుచుకున్నాయి. మేడ మీద బట్టలారేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గుల పెట్టె వదిలేసి ఒకతను పరిగెత్తుకొచ్చాడు. సినిమా వాళ్ళొస్తే కూడా ఆ వీధిలో అంతమంది పోగవుతారనుకోను. చచ్చి బతికినవాడికి ఉన్న గిరాకీ వేరు.

"మర కడక్కుండా ఆడాం. తప్పు మాదే. కందిపొడిలో వేరుశనగ కలిసింది. మీకూ నాకూ అది ఏం చేయదు. కానీ ఈ గుణదలలో ఒక చిన్నపిల్ల ఉంది. పోయినేడు పెళ్ళిలో ఎవరో చిక్కీ ముక్క పెడితే గొంతు వాచి ఊపిరాడలేదంట. ఆ పిల్లకి మా పొడి మేమే ఇచ్చాం. ఇల్లు మాకు తెలీదు. మీకు తెలిస్తే నన్ను తీసుకెళ్ళండమ్మా. నేను తిరిగొచ్చింది దానికే."

నాలుగు వైపుల నుంచి ఒకేసారి మాటలు లేచాయి.

"పెళ్ళిలో చిక్కీ తిన్న పిల్లా? లిఖిత కదూ?"

"కొండ మెట్ల వైపు సందులో, కుట్టు మిషను వాళ్ళ పక్కిల్లు."

"ఆ రోజు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది మా తమ్ముడేనండీ."

నిన్న నాతో "వాము నమలమనండి" అన్న వెంకటేశ్వర్లు గారే షాపు వదిలేసి అందరికంటే ముందు నడిచారు. వేరుశనగ గురించి ఆయన అభిప్రాయం మారిందో లేదో నాకు తెలియదు. లిఖిత గురించి మాత్రం ఆయనకు అభిప్రాయం అక్కర్లేకపోయింది.

తలుపు తీసింది ఆవిడే. కోటేశ్వరరావు గారు తన పేరు చెప్పగానే రెండడుగులు వెనక్కి వేసింది. వెనక దండ పట్టుకున్న బసవయ్య గారిని చూసి ఇంకో అడుగు వేసింది. నేను మధ్యలోకి దూరి, "పొడి తిందా అండీ పాప? పొట్లం విప్పారా?" అన్నాను. నా జీవితంలో అంకెలు వేయకుండా అడిగిన మొదటి ప్రశ్నలవి.

ఆవిడ గూట్లోంచి రెండు పొట్లాలు తెచ్చింది. రెండిటి సీలూ అలాగే ఉంది.

"రెండు రోజులుగా నెయ్యి లేక పెట్టలేదండీ. పొద్దున నెయ్యి కాచి, విప్పబోతుంటే మా ఆయన బోర్డు చూసి వచ్చి, ఆ పెద్దాయన పోయారంట అన్నాడు. ఎందుకో మనసొప్పలా. ఆయనెవరో మాకు తెలీదు, కానీ పోయిన పూటే ఆయన పొట్లం విప్పుకుని తినడం ఏంటని పక్కన పెట్టేశా."

పొడిలో ఏముందో చెప్పాక ఆవిడ గడప మీద కూర్చుండిపోయింది. పాపను దగ్గరికి లాక్కుంది. మమ్మల్ని తిట్టలేదు, మెచ్చుకోలేదు. పాప మాత్రం కోటేశ్వరరావు గారిని పైకీ కిందికీ చూసింది.

"తాతా, నువ్వు చచ్చిపోయావుగా?"

"పోయానమ్మా. పొట్లాలు మర్చిపోయానని మళ్ళీ వచ్చా" అన్నారాయన.

నా పొరపాటే ఆ పిల్లను కాపాడిందని చెప్పుకోవాలని నాకు ఉంది. మీరు మర్యాదస్థులైతే ఒప్పుకుంటారు కూడా. కానీ నేను అంత అబద్ధం ఆడలేను. నేను పంపిన ఏడు అంశాల్లో ఒక్కటీ ఆ ఇంటి గడప దాటలేదు. పొట్లానికీ కంచానికీ మధ్య అడ్డుపడింది, ముఖమైనా చూడని ఒక మనిషి పోయాడని విని ఆ పూటకు చెయ్యి ఆపుకున్న ఆవిడ మనసు. దాన్ని నేను ఏ పద్ధతిలోనూ రాసుకోలేదు. ఎక్కడ రాయాలో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రానికి పొట్లాలు వెనక్కి రావడం మొదలుపెట్టాయి. చిక్కు ఏమిటంటే ఎవరూ వాటిని నా చేతికివ్వలేదు. ఆయన చేతికే ఇస్తామన్నారు. ఇచ్చి, ఆయన చెయ్యి ఒకసారి పట్టుకుని చూసి, వెచ్చగా ఉందని తృప్తిపడి వెళ్ళారు. కరీముల్లా భాయ్ కూడా వచ్చాడు. నావైపు చూడకుండా నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"తేదీ చూసి అనుమానం వచ్చింది సార్. కానీ ఆ సమయంలో తమ్ముణ్ణి అడగబుద్ధి కాలేదు. రాత్రి మీ కోసం దువా కూడా చేశా."

"అదే పని చేసినట్టుంది భాయ్" అన్నారు కోటేశ్వరరావు గారు.

సాతో గారికి జరిగిందంతా దాచకుండా రాశాను. ఫ్లెక్సీ ఫొటో, మా ఊళ్ళో ఎవరైనా పోతే వేసే సంతాప ప్రకటన ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. "మీ ఊళ్ళో కూడా ఇలాగే చేస్తారా అని నేను అడిగాను. మీరు జవాబు చెప్పాక ఇంకెవరినీ అడగలేదు. ఇకమీదట ఆ ప్రశ్నను మా పద్ధతిలో అన్నిటికంటే ముందు పెట్టుకుంటాం. పెద్దాయన ఆరోగ్యం బాగుండాలి." నాకంటే పద్ధతి తెలిసిన మనిషి పద్ధతిని ఎంత తేలిగ్గా మార్చుకుందో చూసి, నా పెన్ను కాసేపు పక్కన పెట్టాను.

ఫ్లెక్సీలు నేనే దింపాను. చుట్టబెడుతుంటే కోటేశ్వరరావు గారు వచ్చి నిలబడ్డారు.

"పారేస్తున్నావా? దాచవయ్యా, ఎప్పటికైనా పనికొచ్చేదేగా" అన్నారు. అంతలోనే తల అడ్డంగా ఊపారు. "వద్దులే. నేను నిజంగా పోయిన రోజున రంగుల్లో వేయించు. నవ్వుతున్న ఫొటో చూసి వెయ్యి. సింహం కూడా పెట్టించు, ఖర్చేముంది. మళ్ళీ నలుపు తెలుపులో వేశావనుకో, పొడి బాగాలేదనుకుని అందరూ పొట్లాలు తెస్తారు గానీ దండ ఒక్కడూ తేడు."

కనుక, కృష్ణమ్మ సాక్షిగా, శుభ్రంగా కడిగిన మర సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఒకటి, బతికున్న మనిషి ఫొటోలోంచి రంగులు తీయను. రెండు, పొట్లానికి ఉండాల్సిన తేదీలు మనిషికి వేయను. మూడు, ఊరికి ఏదైనా చెప్పే ముందు ఊళ్ళో ఒకరికైనా చూపిస్తాను. ఈ మూడో అంశాన్ని వెంటనే అమలు చేసి, ప్రతిజ్ఞ మొత్తం సుశీలమ్మ గారికి చదివి వినిపించాను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ ఓపికగా విన్నది.

"బాగానే ఉంది నాయనా. కానీ ఇంత రాత ఎవరు చదువుతారు?" అంది.